మెదడుకు ఆకుపసరు కవచమా?

సెల్‌ఫోను మన చేతికి వచ్చిన నాటి నుండి మన ఇళ్ళలో ఒక కొత్త భయమూ, ఆ భయం వెంటే ఒక కొత్త వైద్యమూ బయలుదేరాయి. భయం ఏమిటంటే, ఫోను నుండీ, మేడమీది టవరు నుండీ, గోడకు తగిలించిన వైఫై పెట్టె నుండీ వెలువడే తరంగాలు మెదడును మెల్లమెల్లగా తినివేస్తున్నాయని. వైద్యం ఏమిటంటే, పరగడుపున ఐదు తులసి ఆకులు నమలడం, సరస్వతీ ఆకు పసరు త్రాగడం, అశ్వగంధ చూర్ణాన్ని పాలలో కలుపుకోవడం, తిప్పతీగ కషాయం కాచుకోవడం. ఇవి చాలవనుకొనేవారికి కంప్యూటరు పక్కన ఒక కలబంద కుండీ, పడకగదిలో ఒక జెముడు మొక్క. ఇవన్నీ ఎవరో ఒకరు ఎవరో ఒకరికి చెబుతారు. చెప్పినవారికి ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. అయినా అందరూ నమ్ముతారు.

"పెరటిచెట్టు మందుకు పనికిరాదు" అని మన పెద్దలు ఒక సామెత చెప్పారు. దగ్గరగా దొరికే వస్తువుకు విలువ ఇవ్వని మన గుణాన్ని అది ఎత్తిపొడుస్తుంది. ఇప్పుడు ఆ సామెత తిరగబడింది. పెరటిచెట్టు పనికిరాని జబ్బంటూ ఒక్కటీ మిగలలేదు. నిన్నటి దాకా జలుబుకూ దగ్గుకూ వాడిన తులసిని ఈనాడు విద్యుదయస్కాంత తరంగాల మీదికి కూడా యుద్ధానికి పంపిస్తున్నాము.

నేను ఆయుర్వేదానికి శత్రువును కాను. మా ఇంట్లో నేటికీ గొంతు పట్టేస్తే మిరియాల కషాయమే, కడుపు ఉబ్బరిస్తే వామే. సరస్వతీ ఆకు పచ్చడి నాకు ప్రీతి. కానీ ఇష్టం వేరు, నిజం వేరు. ఈ విషయంలో మూడు ప్రశ్నలను మనం కలగాపులగం చేసి ఒకే ప్రశ్నగా అడుగుతున్నామని నా అభిప్రాయం. మొదటిది: ఈ తరంగాల వలన మెదడుకు హాని ఉన్నదా? రెండవది: ఉన్నదే అనుకొంటే, మూలికలు దానిని ఆపగలవా? మూడవది: ఆపలేకపోయినా, త్రాగితే పోయేదేముంది? ఈ మూడింటికీ విడివిడిగా జవాబులు వెతకాలి. మూడవ ప్రశ్నను మనం అన్నిటికంటె తేలికగా తీసుకొంటాము. నిజానికి మన ప్రాణాలతో ముడిపడి ఉన్నది అదే.

మొదటి ప్రశ్న. "రేడియేషన్" అన్న ఒక్క మాట మన తెలుగువారి బుర్రలో చాలా అల్లరి చేసింది. హిరోషిమాలో పడినదీ రేడియేషనే, ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసేదీ రేడియేషనే, ఎండా రేడియేషనే, రేడియోలో పాట మోసుకొచ్చేదీ రేడియేషనే. మాట ఒకటే కాబట్టి వస్తువు కూడా ఒకటే అనుకొన్నాము. గామా కిరణాలూ ఎక్స్‌రేలూ అణువుల నుండి ఎలక్ట్రానులను ఊడబెరికి, కణంలోని డీఎన్ఏను తెంపగలవు. అలా ఊడబెరకడానికి సుమారు 10 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. 900 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేసే సెల్‌ఫోను తరంగంలో ఒక్కొక్క శక్తికణానికి ఉండే బలం ఒక ఎలక్ట్రాన్ వోల్టులో పది లక్షల వంతులు నాలుగుకు కూడా చేరదు. అంటే కావలసిన దానిలో ఇరవై అయిదు లక్షల వంతు. పిల్లవాడు కొండమీదికి ఆవగింజలు విసిరినట్లు. ఎన్ని విసిరినా కొండ పగలదు. కాకపోతే ఎక్కువ విసిరితే కొంచెం వేడి పుడుతుంది.

ఆ వేడి ఎంత? సెల్‌ఫోను బలంగా పనిచేస్తున్నప్పుడు కూడా అది సగటున వెలువరించేది పావు వాటుకు అటూ ఇటూ. మన మెదడు తన పని తాను చేసుకోవడానికి సుమారు 20 వాట్లు ఖర్చు చేస్తుంది. ఫోను వలన మెదడులో పెరిగే ఉష్ణోగ్రత డిగ్రీలో పదోవంతు ప్రాంతంలో ఉంటుంది. ఎండలో గొడుగు లేకుండా బజారుకు వెళ్ళి వచ్చినవాడి తల ఇంతకంటె ఎక్కువే వేడెక్కుతుంది.

అంతమాత్రాన "ఏమీ లేదు, అంతా వట్టిదే" అని కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. 2011లో అమెరికాలో 47 మంది ఆరోగ్యవంతుల చెవుల వద్ద 50 నిమిషాలు ఫోను ఉంచి చూస్తే, ఏంటెనాకు దగ్గరగా ఉన్న మెదడు భాగంలో చక్కెర వినియోగం సుమారు 7 శాతం పెరిగింది. అది మంచో చెడో తేలలేదు. కానీ మెదడు ఆ తరంగాన్ని బొత్తిగా పట్టించుకోదు అనడానికి వీల్లేదు. 2018లో అమెరికా ప్రభుత్వపు జాతీయ విష విజ్ఞాన కార్యక్రమం వారు ఎలుకలకు రోజుకు తొమ్మిది గంటల చొప్పున రెండేళ్ళపాటు ఒళ్ళంతా ఈ తరంగాలు తగిలించి చూశారు. మగ ఎలుకల గుండెలో ఒక రకం గడ్డలు పెరిగాయి. అదే ప్రయోగంలో, తరంగాలు తగిలిన మగ ఎలుకలు తగలని వాటికంటె ఎక్కువ కాలం బ్రతికాయి! భయపెట్టేవారు మొదటి వాక్యం చెప్పి ఊరుకొంటారు, భయం లేదనేవారు రెండవ వాక్యమే చెబుతారు. రెండూ చెప్పినవారిని నేను నమ్ముతాను.

ఎలుకలను వదిలి మనుషుల దగ్గరకు వద్దాము. డెన్మార్కులో 4 లక్షలకు పైగా ఫోను చందాదారులను ఏళ్ళ తరబడి గమనించి 2006లో ప్రకటించిన ఫలితాలలో మెదడు క్యాన్సరు పెరగలేదు. 13 దేశాలలో జరిపిన ఇంటర్‌ఫోన్ పరిశోధన 2010లో వెలువడింది. మొత్తం మీద ప్రమాదం కనబడలేదు. అందరికంటె ఎక్కువగా మాట్లాడిన పదోవంతు మందిలో మాత్రం గ్లియోమా కొంచెం ఎక్కువగా కనబడింది. రోగులు తాము ఎన్ని గంటలు మాట్లాడామో గుర్తుచేసుకొని చెప్పిన లెక్క కావడంతో, దానిని అంత నమ్మలేమని ఆ పరిశోధకులే వ్రాశారు. చివరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మీద 63 పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించిన సమీక్ష 2024లో వచ్చింది. సెల్‌ఫోనుకూ మెదడు క్యాన్సరుకూ సంబంధం కనబడలేదన్నది దాని సారాంశం.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పక అడుగుతారు: "మరి క్యాన్సరు పరిశోధనా సంస్థవారు 2011లో ఈ తరంగాలను క్యాన్సర్ కారకాల పట్టికలో చేర్చారు కదా?" నిజమే, చేర్చారు. 2బి అనే వర్గంలో. "కారకం అయ్యే అవకాశం ఉన్నది, కానీ సాక్ష్యం చాలదు" అని ఆ వర్గానికి అర్థం. అయితే ఆ పట్టికను చివరిదాకా చదివినవారికి ఒక వింత కనబడుతుంది. అదే సంస్థ 2016లో ప్రచురించిన 108వ సంపుటం ప్రకారం, అదే 2బి వర్గంలో కలబంద మొత్తం ఆకు సారమూ ఉన్నది, గింకో ఆకు సారమూ ఉన్నది. గింకో అంటే చైనా దేశపు చెట్టు. మెదడును సెల్‌ఫోను నుండి కాపాడే మూలికల జాబితాలన్నిటిలోనూ దానిదే అగ్రతాంబూలం. అంటే ఏ పట్టికను చూపించి మనల్ని తరంగాలకు భయపెడుతున్నారో, విరుగుడు కూడా ఆ పట్టికలో అదే వరుసలో కూర్చుని ఉన్నదన్నమాట. రెండింటికీ భయపడనక్కరలేదన్నదే నా మాట. కానీ ఒకదానికి భయపడి రెండవదానిని మింగడం మాత్రం తర్కానికి నిలవదు.

ఇక రెండవ ప్రశ్న. మూలికలు ఆపగలవన్న మాట ఎక్కడి నుండి పుట్టింది? ఊరకే పుట్టలేదు. నిప్పు లేనిదే పొగ రాదు. కానీ ఆ నిప్పు ఎక్కడ రాజుకొన్నదో చూడాలి.

తులసి సంగతి తీసుకొందాము. మణిపాల్‌లోని కస్తూర్బా వైద్య కళాశాలలో పి. ఉమాదేవి గారూ, వారి సహచరులూ 1990 దశకంలో తులసి మీద చాలా శ్రద్ధగా పరిశోధనలు చేశారు. తులసి ఆకులోని ఓరియెంటిన్, విసెనిన్ అనే పదార్థాలను ముందుగా ఇచ్చిన చిట్టెలుకలు గామా వికిరణాన్ని కొంత మేరకు తట్టుకొన్నాయని చూపారు. మంచి పని, మన దేశం గర్వించదగ్గ పని. క్యాన్సరు రోగులకు కిరణ చికిత్స చేసేటప్పుడు ఆరోగ్యంగా ఉన్న కణాలను కాపాడుకోవడానికి మార్గం దొరుకుతుందేమో అన్నది అటువంటి పరిశోధనల ఆశయం. కానీ అవి గామా కిరణాలు! డీఎన్ఏను తెంపే జాతి. సెల్‌ఫోను తరంగం ఆ జాతిది కాదు. "తులసి రేడియేషన్ నుండి కాపాడుతుంది" అన్న వాక్యంలో నుండి "గామా", "చిట్టెలుక" అన్న రెండు మాటలు దారిలో ఎక్కడో జారిపోయాయి. మిగిలిన వాక్యం మన ఇంటికి చేరింది. పాము కాటు మందును తాడు చూసి త్రాగినట్లయింది మన పని.

గింకో కథ వేరు. అది నిజంగానే సెల్‌ఫోను తరంగాల మీద జరిగిన ప్రయోగం. 2004లో టర్కీ పరిశోధకులు ఎలుకల మీద చేశారు. ఫోను తరంగాలు తగిలిన ఎలుకల మెదడులో ఆమ్లజని సంబంధమైన కణ ఒత్తిడి పెరిగిందనీ, గింకో ఇచ్చిన ఎలుకలలో అది తగ్గిందనీ తేల్చారు. ఆ తరువాత ఇదే పద్ధతిలో అనేక పదార్థాలను ఎలుకల మీద ప్రయోగించారు. ప్రయోగం చేసినవారిని నేను తప్పు పట్టను. కానీ ఎలుక తల ఎంత? మన తల ఎంత? ఎలుక తల పక్కన ఫోను పెడితే ఆ తరంగం దాని మెదడంతా వ్యాపిస్తుంది. మన పుర్రె పక్కన పెడితే చాలావరకు పైపొరలలోనే ఇంకిపోతుంది. పైగా ఏడు రోజులు మందు వేసి, మెదడును కోసి, రసాయనాలు కొలిచి చూస్తే కనబడిన మార్పు, ముప్పై ఏళ్ళు ఫోను మాట్లాడే మనిషికి జబ్బు రాకుండా ఆపుతుందని ఎలా అంటాము?

"కణ ఒత్తిడిని తగ్గించే పదార్థం ఏదైనా మేలే కదా" అన్న ఊహ చూడడానికి చాలా అందంగా ఉంటుంది. దురదృష్టవశాత్తు దానిని పెద్ద ఎత్తున మనుషుల మీద పరీక్షించి చూశారు. ఫిన్లండులో 29,133 మంది పొగత్రాగే మగవారి మీద జరిగిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్ మాత్రలు మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. గింకోను 75 ఏళ్ళు దాటిన 3,069 మంది వృద్ధుల మీద పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. మతిమరుపు జబ్బు రావడంలో గింకో తిన్నవారికీ తిననివారికీ తేడా లేదు. ఎలుకలో గెలిచినవన్నీ మనిషిలో గెలవవు. ఇది మూలికలకే కాదు, అల్లోపతి మందులకూ వర్తించే నియమమే.

ఇప్పుడు ఆయుర్వేదం ఏమంటుందో చూద్దాము. చరక సంహితలో మేధ్య రసాయనాలని నాలుగు చెప్పబడ్డాయి. మండూకపర్ణి స్వరసం, పాలతో అతిమధురం చూర్ణం, తిప్పతీగ రసం, శంఖపుష్పి కల్కం. ఇవి బుద్ధినీ స్మృతినీ ఆయుష్షునూ పెంచుతాయని ఆ గ్రంథం చెప్పింది. కవచంలా నిలబడి బయటి కిరణాలను అడ్డుకొంటాయని చెప్పలేదు. చెప్పే అవకాశమూ లేదు, అవసరమూ లేదు. మనమే ఆ గ్రంథం నోట్లో మన మాటలు పెడుతున్నాము. నీరుబ్రాహ్మి విషయమే తీసుకొండి. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థలోనూ, ఆస్ట్రేలియాలోనూ దాని మీద పరీక్షలు జరిగాయి. రోజుకు 300 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు తీసుకొన్నవారికి జ్ఞాపకశక్తిలో కొంత మెరుగుదల కనబడిందని ఫలితాలున్నాయి. ఇది నిజాయితీగల, పరిమితమైన మేలు. దానికి లేనిపోని కిరీటం తగిలిస్తే, రేపు ఆ కిరీటం ఊడిపడిన రోజున ఉన్న మేలును కూడా జనం నమ్మరు. ఆయుర్వేదానికి ఇంతకంటె అపకారం దాని శత్రువులు కూడా చేయలేరు.

పైగా ఆయుర్వేదం నిజంగా చెప్పిన ఒక గొప్ప సూత్రాన్ని మనం మరచిపోయాము. నిదాన పరివర్జనం. అంటే రోగానికి కారణమైన దానిని మొదట విడిచిపెట్టడం. చికిత్సలన్నిటిలోనూ అదే మొదటి మెట్టు. ఫోను తరంగాలకు భయపడేవాడు ఈ సూత్రం ప్రకారం చేయవలసింది ఏమిటి? ఫోనును తలకు దూరం పెట్టడం. దానికి లేహ్యం అక్కరలేదు, అనుపానం అక్కరలేదు, నయాపైసా ఖర్చు లేదు. కానీ మనకు అది నచ్చదు. ఫోను చెవినుండి తీయము. తీయకుండానే మందు కావాలి. వేలు నిప్పులో ఉంచి వెన్న పూయమన్నట్లు ఉంటుంది మన కోరిక.

మూడవ ప్రశ్నకు వస్తాను. "పోనీ లెండి, ఆకుపసరే కదా, త్రాగితే పోయేదేముంది?" ఈ మాట నేను ఎన్ని నోళ్ళ నుండి విన్నానో లెక్కలేదు. పోయేది ఉన్నది. మూడు విధాలుగా ఉన్నది.

మొదటిది, ఆకు వేరు, అంగడిలో సీసా వేరు. 2004లో అమెరికాలోని బోస్టన్ పరిసరాల దుకాణాలలో అమ్ముతున్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందులలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో దొరికింది. అవి చాలావరకు మన దక్షిణాసియాలో తయారైనవే, మనవాళ్ళు కొనుక్కొనేవే. సీసం సరాసరి మెదడును దెబ్బతీసే విషం. పసిపిల్లల బుద్ధిని తగ్గించడంలో దానికి మించినది లేదు. మెదడుకు హాని చేస్తుందో లేదో తేలని తరంగానికి భయపడి, మెదడుకు హాని చేస్తుందని నూటికి నూరుపాళ్ళు తేలిన లోహాన్ని చెంచాతో తినిపించే తల్లిదండ్రులను తలచుకొంటే నాకు గుండె తరుక్కుపోతుంది. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి" అన్న సామెత ఇటువంటి సందర్భంలోనే పుట్టి ఉంటుంది.

రెండవది, స్వచ్ఛమైన మూలిక కూడా మోతాదు మించితే, పడనివారికి ఇస్తే, మందులాగే ఎదురు తిరుగుతుంది. అశ్వగంధ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలను ఐస్‌లండ్, అమెరికా వైద్యులు 2020లో ప్రకటించారు. తిప్పతీగ విషయంలో ముంబయి వైద్యులు 2021లో అటువంటి ఉదంతాలే వ్రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దానిని ఖండించింది. రోగులు వాడినది అసలు తిప్పతీగేనా, దానిని పోలిన వేరొక తీగా అని అడిగింది. సమంజసమైన ప్రశ్నే. కానీ ఆ ప్రశ్నలోనే మన భయం కూడా ఉన్నది. నిపుణులకే గుర్తుపట్టడం కష్టమైన తీగను మనం ప్రహరీగోడ మీది నుండి కోసుకొచ్చి కాచుకొంటున్నాము. రక్తం పలుచబడడానికి మందులు వాడే గుండె రోగులు గింకో కలుపుకొంటే రక్తస్రావం జరిగే ప్రమాదం వేరే ఉన్నది. "ప్రకృతి సహజం" అన్న మాటకు "నిరపాయం" అని అర్థం లేదు. గన్నేరు పప్పు కూడా ప్రకృతి సహజమే.

మూడవది అన్నిటికంటె ముఖ్యం. నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి ఏడాదిపాటు తలనొప్పి. వారి వీధి చివర కొత్తగా టవరు వచ్చింది. తలనొప్పి కూడా అప్పుడే మొదలైందని ఆయన లెక్క. టవరు తీసివేయమని అర్జీలు పెట్టారు. అర్జీలకు ఫలితం వచ్చేలోగా పసర్లూ లేహ్యాలూ వాడారు. ఇంట్లోవారు బలవంతపెట్టి వైద్యుడి దగ్గరకు తీసుకొని వెళ్తే తేలినది రక్తపోటు. చాలాకాలంగా ఉన్న, ఎవరూ కొలవని రక్తపోటు. అప్పటికే మూత్రపిండాల మీద దాని ప్రభావం పడింది. ఆయనకు హాని చేసినది టవరు కాదు, తులసి కూడా కాదు. "కారణం నాకు తెలుసు" అన్న నమ్మకం. ఆ నమ్మకం ఉన్నవాడు రక్తపోటు కొలిపించుకోడు. కంటి పరీక్షకు వెళ్ళడు. నిజంగా మెదడులో గడ్డే ఉన్నా ఆరు నెలలు ఆలస్యంగా తెలుసుకొంటాడు.

ఆయన తలనొప్పి అబద్ధమని నేను అనడం లేదు. తరంగాల వలన తమకు బాధ కలుగుతోందని చెప్పేవారిని ప్రయోగశాలలో కూర్చోబెట్టి, తరంగం ఉన్నదో లేదో వారికి చెప్పకుండా జరిపిన పరీక్షలున్నాయి. 2005 నాటికి అటువంటి 31 పరీక్షలను, మొత్తం 725 మందిని, ఒక సమీక్షలో కలిపి చూశారు. తరంగం ఎప్పుడు ఉన్నదో వారు గుర్తించగలరనడానికి గట్టి ఆధారం దొరకలేదు. ఉత్తుత్తి యంత్రం పెట్టినా బాధ కలిగింది. బాధ నిజం, కారణం వేరు. ఈ తేడాను సానుభూతితో చెప్పేవారు మనకు కరువయ్యారు. వెక్కిరించేవారు ఒకవైపు, సీసా అమ్మేవారు మరొకవైపు. బాధపడేవాడు సహజంగా సీసా వైపే నడుస్తాడు. వాడైనా మన బాధను నమ్మాడు కదా అని.

"ఫోను కంపెనీలు శాస్త్రజ్ఞులను కొనివేశాయి, అందుకే నిజాలు బయటకు రావు" అనే వాదం ఒకటున్నది. డబ్బు ఎవరిది అని అడగడం మంచి అలవాటే. దానిని ఇద్దరికీ వర్తింపజేయమంటాను. భయం ఎంత పెరిగితే సీసాలు అంత అమ్ముడుపోతాయి. అమెరికాలో ఫోనుకు అంటించే కవచపు బిళ్ళలు అమ్మినవారి మీద అక్కడి వాణిజ్య సంఘం 2002లోనే చర్య తీసుకొన్నది. మన దేశంలో 2020 అక్టోబరులో రాష్ట్రీయ కామధేను ఆయోగ్ అధ్యక్షులు ఆవుపేడతో చేసిన బిళ్ళను ఆవిష్కరించి, అది ఫోను రేడియేషన్‌ను తగ్గిస్తుందన్నారు. వందలాది మంది శాస్త్రజ్ఞులు ఆధారం చూపమని లేఖ వ్రాశారు. అన్నిటికంటె విషాదకరమైనది నెదర్లాండ్స్ ఉదంతం. అక్కడి అణుభద్రతా సంస్థ 2021 డిసెంబరులో "5జీ నుండి రక్షణ" పేరిట అమ్ముతున్న పది వస్తువులను పరీక్షించి హెచ్చరిక చేసింది. ఆ పతకాలు, కంకణాలు, నిద్రలో కట్టుకొనే కంటిపట్టీలు స్వయంగా రేడియోధార్మిక పదార్థంతో చేసినవని తేలింది. హానిచేయని తరంగం నుండి కాపాడుకోవడానికి హానిచేసే కిరణాన్ని మెడలో వ్రేలాడదీసుకొన్నారు!

అయితే ఏమి చేయాలి అంటారా? అనుమానం మిగిలి ఉన్నవారికి చౌక ఉపాయాలున్నాయి. తల నుండి దూరం పెరిగేకొద్దీ తరంగపు బలం చాలా వేగంగా తగ్గుతుంది. చెవికి ఆనించకుండా స్పీకరు పెట్టుకొనో, తీగ ఉన్న ఇయర్‌ఫోను పెట్టుకొనో మాట్లాడితే మెదడుకు తగిలేది అనేక రెట్లు తగ్గిపోతుంది. సిగ్నలు సరిగా లేనిచోట ఫోను గొంతు చించుకొని అరుస్తుంది, అంటే ఎక్కువ శక్తితో ప్రసారం చేస్తుంది. కాబట్టి లిఫ్టులో, నేలమాళిగలో, బలహీనమైన సిగ్నలున్న పల్లెలో సుదీర్ఘ సంభాషణలు మానితే మంచిది. ఇందులో ఒక చమత్కారం గమనించండి. ఊరిలో టవరును వెళ్ళగొడితే ప్రతి ఇంటిలోని ఫోనూ దూరపు టవరును అందుకోవడానికి మరింత బలంగా అరుస్తుంది. టవరు మేడమీద ఉంటుంది, ఫోను చెవిలో ఉంటుంది. మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుండి టవర్ల వికిరణ పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదోవంతుకు తగ్గించారు. ఫోనులకు కిలోగ్రాముకు 1.6 వాట్ల పరిమితిని విధించారు. మీ ఫోనులో నక్షత్రం, హ్యాష్, 07, హ్యాష్ నొక్కితే ఆ అంకె మీకే కనబడుతుంది. పసరు త్రాగే ముందు ఒక్కసారి ఆ అంకె చూడండి.

ఇంత చెప్పిన తరువాత, ఫోను మెదడుకు హాని చేయదని నేను అన్నాననుకొంటే పొరపాటు. చేస్తుంది. తరంగాలతో కాదు. అర్ధరాత్రి రెండింటిదాకా తెర చూసే పిల్లవాడి నిద్రను తింటుంది. నిద్ర తిన్నదంటే జ్ఞాపకాన్నీ ఏకాగ్రతనూ తిన్నట్లే. ఆ పిల్లవాడికి తెల్లవారి సరస్వతీ ఆకు పసరు పోసి ఏమి లాభం? రాత్రి పదింటికి ఫోను హాల్లో పెట్టించడం కంటె గొప్ప మేధ్య రసాయనం నాకు తెలియదు.

అన్నిటికంటె పెద్ద హాని రోడ్డు మీద ఉన్నది. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. వాహనం నడుపుతూ ఫోను వాడడం వలన జరిగినవని ప్రభుత్వం లెక్కకట్టిన మరణాలు వాటిలో మూడు వేలకు పైగా ఉన్నాయి. హెల్మెట్ లేకుండా మరణించినవారు 50 వేల పైచిలుకు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఏ కూడలిలో నిలబడి చూసినా, మెడను భుజం మీదికి వంచి ఫోనును ఇరికించుకొని బండి నడిపేవారు కనబడతారు. వారిలో ఎంతమంది ఆ ఉదయం తులసి ఆకులు నమిలి బయలుదేరారో నాకు తెలియదు. కానీ ఇప్పటిదాకా మనిషి కనిపెట్టిన వాటిలో మెదడును నిస్సందేహంగా కాపాడే కవచం ఒకటున్నది. అది ఆకు కాదు, పసరు కాదు, చూర్ణం కాదు. చాలామంది దానిని బండి అద్దానికి తగిలించి, పోలీసు కనబడినప్పుడు మాత్రమే తల మీద పెట్టుకొంటారు.

తులసికి నీళ్ళు పోయండి, ప్రదక్షిణం చేయండి, దగ్గు వస్తే కషాయం కాచుకోండి. సరస్వతీ ఆకు పచ్చడి చేసుకొని కమ్మగా తినండి. తలనొప్పి తగ్గకపోతే వైద్యుడికి చూపించుకోండి. బండి ఎక్కేటప్పుడు ఫోను జేబులోనూ, హెల్మెట్ తల మీదా ఉంచండి. మొక్కలు తమ పని తాము చేస్తాయి. మన పని కూడా వాటి మీదే వేయడం న్యాయం కాదు.

స్వస్తి.